రెండేసి వత్తులు

ఆ ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా టైపు చేస్తున్న ఆవిడను అందరూ టైపక్క అంటారు. కంప్యూటర్లో కొత్త వెర్షన్ వేసినప్పటి నుంచి తెర మీద వత్తులు మాయమై, లైన్లు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. చూపు మందగించిందనుకుని ఆవిడ మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. కనబడని వత్తులన్నీ ఓపిగ్గా మళ్లీ కొట్టింది. నాలుగో రోజు ఉండబట్టలేక పక్క సీటు గుమాస్తాను అడిగింది.

"తమ్ముడూ, నీకూ ఇలాగే కనిపిస్తోందా?"

"అవునక్కా. నా కళ్లే పోయాయేమోనని నోరు మూసుకున్నా."

రిపేరతను వచ్చి, సెట్టింగుల్లో గ్రాఫిక్స్ పక్కనున్న టిక్కు తీసేశాడు. అక్షరాలు శుభ్రంగా తేలాయి. నలభై పేజీల్లో ఎక్కడ చూసినా వత్తులు రెండేసి ఉన్నాయి. టైపక్క ఉసూరుమంటూ మొదటి పేజీ తెరిచింది.