ప్రార్థనల పట్టిక వేసిందెవరు

మా చర్చి సంఘం వార్షికోత్సవ సంచిక ప్రూఫు వాట్సాప్‌లో వచ్చింది. అందులో ఒక వాక్యం చదవగానే ఒళ్లు మండింది. గృహ ప్రార్థనలు ఏ వారం ఎవరింట్లో జరగాలో చెప్పే పట్టికను మా సంఘంలో మొదటిసారి కంప్యూటర్‌తో వేసింది మా అన్నయ్య అని రాశారు. వేసింది నేను. అప్పుడు పదో తరగతి చదువుతున్నాను. ఇప్పుడు భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు అదే విద్య చెప్పుకుని బతుకుతున్నాను. ఆ రోజుల్లో నేను తెల్లకాగితం మీద ఎక్కించిన పట్టికను తీసుకెళ్లి పాస్టరుగారి చేతిలో పెట్టింది మాత్రం అన్నయ్య. పేరు అలా అన్నయ్యకు అంటుకుంది.

వెంటనే తణుకులో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను.

“నేను చెప్తుంటే నువ్వు రాసుకున్నావే. దానికింత గొడవేంటి?” అన్నాడు అన్నయ్య.

“ఆదివారం ఆరాధన అయ్యాక వస్తున్నాను. ఆ కంప్యూటర్ అటక మీంచి దింపి ఉంచు. ప్రోగ్రాం నడిపిస్తాను. అందులో ఏం పెట్టావో నువ్వు చెప్పు. చెప్తే సంచికలో నీ పేరే ఉండనీ.”

ఆ కంప్యూటర్ ఓడల మీద పనిచేసే మా మేనమామ తెచ్చింది. మొత్తం కలిపి ఒక కీబోర్డంత ఉంటుంది. తెర బదులు టీవీ తగిలించాలి. టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెడితే ఆ కీచు శబ్దాన్ని విని ప్రోగ్రాం ఎక్కించుకుంటుంది. మా క్యాసెట్ మీద తర్వాత ఎవరో క్రిస్మస్ పాటలు రికార్డు చేసేశారు. మా ఇళ్లలో ఏ క్యాసెట్‌కైనా చివరికి పట్టే గతి అదే. మిగిలిందల్లా నేను పొడవాటి నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకున్న ప్రోగ్రాం. దాన్ని లాప్‌టాప్‌లో టైపు చేశాను. అలాంటి పాత యంత్రాల కోసం ప్రోగ్రాంని శబ్దంగా మార్చే సాఫ్ట్‌వేర్లు దొరుకుతున్నాయి. ఇక లాప్‌టాప్‌లో ఇయర్‌ఫోన్ పెట్టే చోటు నుంచి పాత కంప్యూటర్‌కి ఒక వైరు కలపాలి, అంతే. చేతకానివాళ్లు భయపడాలి గాని, నాకేం?

ఆదివారం వెళ్లేసరికి అన్నయ్య దాన్ని శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టాడు. పాత అడాప్టర్‌ని నమ్మకుండా నేను కొత్తది తీసుకెళ్లాను. అన్నయ్య కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. ఆలోపు నేను వాల్యూం చూసుకున్నాను.

మొదటిసారి అది అసలు ఉలకలేదు. వాల్యూం పెంచాను. టీవీ అంచుల్లో రంగు చారలు పరుగెత్తాయి. శబ్దం సరిగా అందుతోందని దానర్థం. సగం దాటాక లాప్‌టాప్ టింగుమంది. ఆ శబ్దం కూడా వైరులో వెళ్లేసరికి చారలు ఆగిపోయి తప్పు అని చూపించింది. వచ్చింది సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజి. పాత కంప్యూటర్ ఫొటో, కింద ‘ప్రైజ్ ది లార్డ్’. పంపింది నా పక్కనే కూర్చున్న అన్నయ్య.

“బాగా ఎక్కుతోంది కదా అని పెట్టానే,” అన్నాడు.

“ఎక్కాక పెట్టొచ్చు కదా మహానుభావా!” అని ఇంటర్నెట్ కట్టేశాను.

మూడోసారి పూర్తిగా ఎక్కింది. పట్టిక టీవీలో ఒక్కో వారమే పైకి జరుగుతుంటే నాకు గర్వంగా అనిపించింది. పదిహేనేళ్ల పిల్ల రాసిన ప్రోగ్రాంలో ఒక్క తప్పు లేదు. అన్నయ్య కళ్లజోడు సర్దుకుని వేలు పెట్టి మరీ చదివాడు. యాభై రెండు వారాలూ అయ్యాక నా వైపు తిరిగాడు.

“ఇందులో మనిల్లు ఎందుకు లేదే?”

“రాసింది నువ్వు కదా, నువ్వే చెప్పు.”

అన్నయ్య మళ్లీ టీవీ వైపు చూశాడు. అప్పుడు నోటుబుక్కు తెరిచి ఒక్క లైను చూపించాను. మా ఇంటి నంబరు వస్తే వదిలేసి తర్వాతి ఇంటికి వెళ్లమని ఉంది అందులో.

“ప్రార్థన మనింటికొస్తే నలభైమందికి టీ పెట్టాలి, చాపలు పరవాలి, గ్లాసులు కడగాలి. అన్నీ నా పనులే. నాకేమో పరీక్షలు. అందుకే మనింటిని ఆ యేడాదంతా తప్పించేశాను. కంప్యూటర్ వేసిందంటే ఇంక అడిగేదెవరు?” అని నవ్వాను. గెలిచాను మరి.

అన్నయ్య నవ్వలేదు.

“పాస్టరుగారిచ్చిన పేర్లలోనే మనం లేమనుకున్నామే,” అన్నాడు మెల్లగా. “చర్చి తలుపు మీద అంటించిన ఆ కాగితాన్ని అమ్మ ప్రతి ఆదివారం మొదట్నుంచీ చివరిదాకా చదివేది. ప్రార్థనకి మనిల్లు పనికిరాదనుకున్నార్రా అని ఏడ్చేది. నేను వెళ్లి అడుగుతానంటే, అడిగి పిలిపించుకోవడమేంటి, వద్దంది.”

నవ్వు నా మొహం మీదే ఉండిపోయింది. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

“ఆ మాట నాకప్పుడే చెప్పొచ్చు కదా!” అని అన్నయ్య మీదే విరుచుకుపడ్డాను, ఏడుస్తూ.

“నీకు చెప్పొద్దంది అమ్మ,” అన్నాడు. “చిన్నదానికి పరీక్షలున్నాయి, మనసు పాడైపోద్ది అంది.”