చెప్పుల లైనులో ఒక ఇటుక

మా ఆఫీసు ఎల్బీ నగర్ కూడలికి కాస్త ఇవతల, మెట్రో స్తంభాల వెనక ఒక సందులో ఉండేది. కేంద్ర ప్రభుత్వానిది. ఆధార్ కార్డుల్లో పేరు, ఫోటో, వేలిముద్రలు మార్చే చోటు. అక్కడ నేను సూపర్‌వైజర్‌ని. తలుపులు పదింటికి తీసేవాళ్ళం. జనం మాత్రం తెల్లారకముందే వచ్చి, మెట్ల ముందు చెప్పులు వరుసగా విడిచి, వట్టి కాళ్ళతో పక్క సందులోని ఇడ్లీ బండి దగ్గరికి పోయేవాళ్ళు. నిలబడే పని చెప్పులది, తినే పని మనుషులది.

చెప్పులు విడవడం ఇష్టం లేనివాళ్ళు హెల్మెటో నీళ్ళ సీసానో పెట్టేవాళ్ళు. ఒకసారి ఎవరో సొరకాయ పెట్టారు. దాన్ని కూడా ఎవరూ దాటలేదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఒకరినొకరు తొక్కుకుంటూ బస్సెక్కే జనమే, మా మెట్ల ముందు మాత్రం సొరకాయకి గౌరవమిచ్చి వెనక నిలబడేవాళ్ళు.

నాకు ఆ లైనంటే నామోషీ. అయితే దాని వల్ల నాకు వచ్చిన నష్టమేమీ లేదు. మేము నెలనెలా పైకి పంపే నివేదికలో జనం ఎంతసేపు ఆగారో రాయాలి. టోకెను చింపినప్పటి నుంచే మా గడియారం కదిలేది. టోకెను పదింటి తర్వాతే చింపేవాళ్ళం. అంతకుముందు చెప్పులు ఎంతసేపు నిలబడ్డా అవి చెప్పులే కదా. అలా మా ఆఫీసు కాగితం మీద మహా చురుకుగా ఉండేది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. నేను సిగ్గు లేకుండా శాలువా కప్పించుకున్నాను.

ప్రభుత్వ సేవల్ని ఎలా మెరుగుపరచాలో చూడటానికి ఢిల్లీ నుంచి ఒక మేడమ్, ఇద్దరు అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. ఆ రోజు నేను వనస్థలిపురం నుంచి స్కూటరు మీద ముందే వచ్చేశాను. బండి స్టాండు వేస్తుంటే ఒక అమ్మాయి దగ్గరికొచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి మొదటి బస్సుకి వచ్చిందట.

"సార్, కొత్త చెప్పులు. ఇడిస్తే పోతయని ఇటుక పెట్టిన. నడుస్తదా?"

"పెట్టుకో అమ్మా," అన్నాను హెల్మెట్ తీస్తూ.

"రేపు నౌకరీకి సర్టిఫికెట్లు చూస్తరు సార్. కార్డుల చిన్నప్పటి ఫొటో ఉన్నది. మొహం కలుస్తలేదని మొన్న ఎనక్కి పంపిన్రు. ఇయ్యాల మార్చినట్టు మీ చీటీ తెస్తే సాలన్నరు."

"మొదటిదానివే కదా, నీకేం బెంగ," అన్నాను. బెంగ పడాల్సిన సంగతి నాకు తెలుసు. ఆ వారమంతా మా సర్వర్ పొద్దున కొద్దిమంది పని చేసి, ఆపైన మొండికేస్తోంది. ముందున్నవాళ్ళ పనే అయ్యేది.

ఆమె ఇడ్లీ బండి వైపు వెళ్ళింది. నేను మెట్ల మీద నిలబడి లైను చూశాను. హవాయి చెప్పులు, తెగి పిన్నీసు పెట్టిన చెప్పులు, ఒక హెల్మెట్, అన్నిటికీ ముందు ఇటుక. ఢిల్లీ మేడమ్ కారు దిగగానే కనిపించేది ఇదా అనిపించింది. గోనె సంచి తెమ్మని మా అటెండర్‌తో చెప్పాను. అతనిది నల్గొండ వైపు.

"సార్, గా చెప్పుల జోలికి పోకుండ్రి. తేనెతుట్టె అది."

"ఏముందయ్యా, తర్వాత ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దాం."

"జోడు ఎవరిదో ఎర్కైతది సార్. నంబర్ ఎట్ల ఎర్కైతది?"

"టోకెన్లు ఉన్నాయి కదా."

"మీ ఇష్టం. నేనైతే చెయ్యి పెట్ట."

చెప్పులు చేత్తో పట్టుకోకూడదని చిన్నప్పుడు మా ఇంట్లో నేర్పారు. అందుకని గొడుగు వంకీతో ఒక్కొక్కటే లాగి సంచిలో వేశాను. సంచి జనరేటర్ గదిలోకి పోయింది. ఇటుక మిగిలింది. 'మీ సమయం మాకు విలువైనది' అని రాయించిన బ్యానరు గాలికి ఊగుతోంది. దాని కాలికి దన్నుగా ఇటుక పెట్టాను. చాలా బాగా కుదిరింది.

మేడమ్ పదికి ముందే వచ్చేసింది. లైను ఏదని హిందీలో అడిగింది. మా ఆఫీసులో లైన్లు లేకుండా చేశామని చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపడింది. నేను కొంచెం నడుం నిటారుగా పెట్టాను. సరిగ్గా అప్పుడే సందు మలుపు తిరిగి, ఇడ్లీలు తిన్న జనమంతా వట్టి కాళ్ళతో వచ్చారు.

"మా చెప్పులేవి?"

సంచి తెచ్చి బోర్లించాం. అందరూ ఒక్కసారిగా కూర్చుని వెతకడం మొదలుపెట్టారు. దొరికినవాళ్ళు కాళ్ళకి వేసుకున్నారు. ఆ తర్వాత అసలు గొడవ వచ్చింది. తెల్లవారుజాము చీకట్లో వచ్చినవాళ్ళు, ఎవరికీ ఎవరి ముఖమూ తెలీదు. ముందున్న చెప్పులే గుర్తు.

"నా ముందర నీలం పట్టీల జోడుందండీ," అంది మన్సూరాబాద్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ. మా గోదావరి వైపు ఆవిడే. "ఆ మనిషెవరో నాకు తెలీదు. చెప్పులొస్తే చెబుతాను."

"నీలం పట్టీలు నాయే అమ్మా."

"వేసుకుంటే ఎలా తెలుస్తుంది నాయనా, విడిచి చూపించు."

అతను విడిచాడు. ఆవిడ వంగి చూసి, "ఇవే. నువ్వు నా ముందు," అంది. దాంతో దారి దొరికింది. అందరూ వేసుకున్న చెప్పుల్ని మళ్ళీ విడిచి నేల మీద పెట్టారు. ఎవరి ముందు ఏ చెప్పులున్నాయో సాక్ష్యం చెబుతుంటే, నేను మోకాళ్ళ మీద కూర్చుని జోళ్ళని వరసలో పేరుస్తున్నాను. గొడుగు ఎప్పుడు పారేశానో గుర్తు లేదు.

"సార్, అది ఎడమది. కుడి పక్కకి పెట్టిన్రు."

"సార్ ఇంట్ల గిట్లనే సదురుతడా?"

"ఇంట్ల సదిరితే గీడ సదరనొస్తుండె."

ఢిల్లీ మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను కూడా నవ్వాపుకోలేకపోయాను. లైను ముందుకి పాకుతూ పాకుతూ ఒక ఆటో డ్రైవర్ దాకా వచ్చింది.

"నా ముంగట ఇటుక ఉండె," అన్నాడతను. "ఇటుక ఎవలదో నాకేం ఎర్క?"

"నాది," అన్నారు ఇద్దరు మగవాళ్ళు ఒకేసారి.

"ఒక్క ఇటుక మీద ఇద్దరు ఎట్ల నిలవడ్డరే?" అన్నాడు ఆటో డ్రైవర్. జనం గొల్లుమన్నారు.

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఇటుక నాది. సార్‌కు ఎర్కే. సార్‌ను అడుగున్రి," అని నా వైపు చూసింది.

నేను ఆమె వైపు చూడలేదు. బ్యానరు వైపు చూశాను. పక్కనే మేడమ్ ఉంది. లైన్లు లేకుండా చేశామని ఇందాకే చెప్పాను. ఇటుక సంగతి నాకు తెలుసంటే, లైను ఉండేదనీ దాన్ని నేనే చెరిపేశాననీ ఒప్పుకున్నట్టే. ఏమీ అనకపోతే ఆమె లైను చివరికి పోతుంది, సర్వర్ పడిపోతుంది, రేపటి ఉద్యోగం పోతుంది. ఇంత తెలిసీ నేను ఊరుకున్నాను. తక్కువసేపే. కానీ ఆ కాస్తలోనే ఆ పిల్ల ముఖం మాడిపోయింది. అది చూశాక కూడా వెంటనే నోరు పెగల్లేదు. నా గురించి నాకు ఆ రోజు తెలిసిన విషయం అదే.

"ఈ అమ్మాయిదే," అన్నాను చివరికి. మేడమ్ ఏమిటని అడిగింది. హిందీలో చెప్పబోతే ఇటుకకి మాట తోచలేదు. పరిగెత్తి బ్యానరు కాలి కింద నుంచి ఇటుక లాగి, అక్కడే నిలబడి రెండు చేతులా ఎత్తి చూపించాను. ఈ పిల్లదే, నన్ను అడిగే పెట్టింది, తీసింది నేను, లైను తీసిందీ నేనే అని వచ్చీరాని హిందీలో చెబుతుండగా బ్యానరు వెనక నుంచి మెల్లగా వచ్చి నా నెత్తి మీద వాలింది.

ఆ తర్వాత కాసేపు ఎవరు ఏమన్నారో నాకు వినపడలేదు. నవ్వులు మాత్రం వినపడ్డాయి. బ్యానరు లోపల నేను కూడా ఇటుక పట్టుకుని పడీపడీ నవ్వుతున్నాను. బయటికి వచ్చేసరికి మేడమ్ మెట్ల మీద కూర్చుని, మీరు పొద్దున ఎన్నింటికి వస్తారని ఆటో డ్రైవర్‌ని అడుగుతోంది. అతను చెప్పాడు. ఆవిడ నా వైపు తిరిగింది. మా గడియారం టోకెనుతో మొదలవుతుందని నేనే చెప్పేశాను. శాలువా సంగతి కూడా చెప్పాను. అడక్కుండానే.

తలుపు తీశాం. ఇటుక అమ్మాయి మొదట కూర్చుంది. వేలిముద్రలు పడ్డాయి. ఫోటో దగ్గర చిక్కొచ్చింది. పళ్ళు కనపడితే మా మిషను ఫోటో తీసుకోదు. ఆమె నన్ను చూసినప్పుడల్లా నవ్వుతోంది. ఎవరూ నవ్వొద్దని అటెండర్ బతిమాలుతున్నాడు. అతనే నవ్వుతున్నాడు.

"నోరు మూస్కో బిడ్డా, సర్వర్ పోతది," అన్నాడు వెనక నుంచి ఆటో డ్రైవర్. ఆమె పెదాలు బిగించింది. బుగ్గలు ఉబ్బాయి. మళ్ళీ పకపకా నవ్వింది. తెర మీద ఎర్ర గీత. నాకు భయం పట్టుకుంది. ఇంత చేసి, నవ్వు వల్ల ఉద్యోగం పోతుందా?

ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఇటు చూడమ్మా. రేపు నీకు ఉద్యోగం వచ్చిందనుకో. నాలాగే ఏదో ఒక కౌంటర్‌లో కూర్చోబెడతారు. వెళ్ళగానే ఏం చేస్తావు?"

ఆమె ఆలోచించింది. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"పొద్దుగాల్నే తలుపు తీస్త సార్," అంది.

మిషను ఫోటో తీసుకుంది.