పొలిమేర కావలిపై నేను రాసిన అర్జీ

మా పాళెగాడి కావలివాళ్లు జులుం చేస్తున్నారని మదురై కలెక్టరుకు అర్జీ రాసింది నేనే. జులుం నిజమే. కానీ పశువులు పోతే వాళ్లు గిట్టల జాడ వెంట వెళ్లి వెతికేవాళ్లు. దొరక్కపోతే బదులు పశువులను వాళ్లే ఇచ్చేవాళ్లు. ఆ సంగతి నేను రాయలేదు. ఆ అర్జీ అందాక కుంపిణీ కావలిని తీసేసి, అధికారమంతా కలెక్టరు కచేరీకి ఇచ్చింది.

మరుసటి ఏడు విత్తే వేళ, విధవరాలైన మా మేనత్త ఎద్దుల జత పోయింది. ఇద్దరం మదురైకి నడిచాం. గుమాస్తా ఫిర్యాదు రాసుకుని, కబురు చేస్తామని పంపేశాడు.

తిరుగుదారిలో ఆమె, "ఏమప్పా, ఆ దొరకి మన పొలిమేర యాడుండాదో తెలుసునా?" అంది.

కబురు రాలేదు. ఆమె చేను బీడుపడింది; ఆమె పరాయి చేలల్లో కలుపు తీసే కూలికి పోయింది. అర్జీ నాదని చెప్పే ధైర్యం ఆమె బతికున్నన్నాళ్లూ నాకు రాలేదు.