చెప్పులు విడిచిన చోటు

మొన్న ఆదివారం నిడదవోలులో మా చర్చికి వెళ్తే మెట్ల దగ్గర చెప్పుల జతలు నాలుగైదుకు మించి కనబడలేదు. నేలంతా టైల్స్ వేయించాక పిల్లలూ పెద్దలూ బూట్లతోనే లోపలికి నడిచిపోతున్నారు. నేను మాత్రం అలవాటు చొప్పున గోడ వారగా నా జత విడిచాను. విడుస్తుంటే ఎందుకో నవ్వొచ్చింది, ఆ వెంటే అమ్మ గుర్తొచ్చింది.

నా వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు, మన చిన్నప్పుడు సువార్త కూటాలంటే ఎంత జనమో. తణుకు దగ్గర తాటాకు పందిళ్ళలో మూడేసి రోజులు జరిగే ఆ కూటాలకు అమ్మ నన్నూ చెల్లినీ చెరో చేత్తో పట్టుకుని తీసుకెళ్ళి, పందిరి బయట మా మూడు జతలూ ఒక్కచోటే విడిపించి, తప్పిపోతే ఏడుస్తూ తిరగొద్దు, ఇక్కడికొచ్చి కదలకుండా నిలబడండి అని ఏటేటా అదే పాఠం చెప్పేది.

పంతులమ్మ ఉద్యోగంలోంచి నేను రిటైరైన ఏడాది, సింగపూర్‌లో నర్సుగా చేస్తున్న చెల్లి క్రిస్మస్‌కు రమ్మని అమ్మకూ నాకూ టికెట్లు పంపింది. పండగనాడు దానికి డ్యూటీ పడటంతో మేమిద్దరమే పెద్ద రోడ్డు మీదున్న చర్చికి వెళ్ళాం. కొత్త తెల్లచీర కట్టుకున్న అమ్మ, ఎంత చెప్పినా వినకుండా, గాజు తలుపు ముందు చెప్పులు విడిచి, ఓ పక్కకు సర్ది మరీ లోపలికొచ్చింది. అంత పెద్ద చర్చికీ అదొక్కటే జత. వచ్చేపోయేవాళ్ళు చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఆరాధన అయి బయటికొచ్చాక, ఇక్కడెవరూ ఇలా చెయ్యరు, నా పరువు తీస్తున్నావని విసుక్కున్నాను. అమ్మ వంగి చెప్పులు తొడుక్కుంది.

ఆ రోడ్డు పేవ్‌మెంటు వెంటే దుకాణాలు చూసుకుంటూ చాలా దూరం నడిచాం. అమ్మ ప్రతి అద్దం ముందూ ఆగి, లోపలి బొమ్మల చీరకట్టు లేని తీరుకు జాలిపడుతూ వచ్చింది. నాలుగైదు అంతస్తుల మాల్ ఒకటి కనబడితే లోపలికెళ్ళి, అక్కడొక షాపులో మా వరండాకు కట్టే నక్షత్రం కొందామని, ఒక్కోటీ వెలిగించి చూపించమంటూ ఎంతసేపు నిలబడ్డానో, తిరిగి చూస్తే పక్కన అమ్మ లేదు.

అమ్మకు ఇంగ్లీషు రాదు, ఫోను లేదు, చెల్లి నంబరు రాసిన కాగితమున్న సంచి నా భుజానే ఉంది. అంతస్తులన్నీ ఎక్కి దిగాను. మైకులో పిలిపించారు గానీ ఆ ఉచ్చారణలో తన పేరు అమ్మ మాత్రం ఏం పోల్చుకుంటుంది? ఫోనులో చెల్లి ఏడుపు మొదలుపెట్టింది. పరువు తీస్తున్నావని పొద్దున నేనన్న మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ప్రభువా, నా తల్లిని చూపించు, ఇంకెప్పుడూ విసుక్కోనని అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. ఎదురుగా జనం బూట్లే కనిపిస్తున్నాయి. వాటిని చూస్తుంటే చటుక్కున కూటాల పాఠం తట్టింది. వచ్చిన దారినే పరుగెత్తాను.

చర్చి గాజు తలుపు ముందు, ఉదయం విడిచిన చోటే చెప్పులు విడిచి, వాటి పక్కన ఉత్త కాళ్ళతో తెల్లచీరలో నిలబడి ఉంది అమ్మ. గట్టిగా పట్టుకుని ఏడ్చేశాను. తను మాత్రం కొంగుతో నా మొహం తుడుస్తూ కోప్పడింది.

“ఏంటే, ఎక్కడికి తప్పిపోయావు? గంట నించీ నీకోసమే నిలబడ్డాను. చెప్పులు విడిచిన చోటుకి రావాలని తెలీదూ?”

తప్పయిపోయిందమ్మా అన్నాను. నిజంగానే తప్పిపోయింది నేనేననిపించింది.

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు మా మనవరాలు నేనెక్కడున్నదీ ఫోనులో చుక్కగా చూసేస్తుంది, దానికి ఎవరూ తప్పిపోరు. మంచిదే, ఆ గంట నేను పడ్డ భయం దానికి వద్దు. అయినా మొన్న ఆరాధన అయ్యాక, అందరూ వెళ్ళిపోయినా, నా చెప్పుల పక్కన కాసేపు అలా నిలబడే ఉన్నాను.