లస్కరుగారి దోసిలి

మా ఏటిగట్టు కాపలా కాసి రిటైరైపోయిన లస్కరుగారి పేరు నేనెప్పుడూ అడగలేదు. చెప్పుల్లేకుండా గట్టు వెంట నడిచేవారు. కాలికి తడి తగిలితే చాలు, వంగి ఆ నీళ్లు దోసిట్లో పట్టి చూసేవారు.

గట్టు వాలున పిడకలు కొడుతున్నానని రోజూ నన్ను తిట్టేవారు.

"వాటి కింద ఎలక బొరియుంటే నాకెలా కనపడుద్దమ్మా?"

"మొగుడు పోయినదాన్ని, నా పొయ్యి మీద పడతారేంటండీ?" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఆ యేడు వరదకి గట్టు అవతల గోదారి మా ఇంటి చూరుకన్నా ఎత్తున నిలబడింది. సరిగ్గా నా పిడకల కిందనుంచే ఊట పుట్టింది. ఆయన దోసిలి పట్టారు. బురద నీళ్లు!

"గట్టు మట్టి కొట్టుకొచ్చేస్తోంది, ఇసక బస్తాలు తెండి!" అని కేకేశారు.

నేను ఏడుస్తూ పిడకలన్నీ పీకి పారేశాను. ఊరివాళ్లు ఊట చుట్టూ బస్తాలు పేర్చారు. పొద్దువాలేసరికి ఆయన మళ్లీ దోసిలి పట్టి నాకు చూపించారు. ఆ నీళ్లలోంచి ఆయన అరచేతి గీతలు కనపడ్డాయి.

"తేటపడిందమ్మా. గట్టు నిలబడింది. కాస్త టీ పెట్టివ్వు."

పొయ్యిలోకి పొడి పిడక ఒక్కటీ లేదు. పక్కింటి గ్యాసు మీద పెట్టి తెచ్చిచ్చాను. తాగుతూ కూడా తిట్టారు. ఆ ఒక్కరోజే నేను ఎదురు చెప్పలేదు.