అందిందా ఈరేష్

మా ఈరేష్‌కు ఒకటే జబ్బు. తను చెప్పిన మాటకు ఎదుటివాళ్ళు "అందింది" అనేదాకా వదలడు.

ఎమ్మిగనూరులో బస్సెక్కి, "ఆదోనికి ఒకటి. అందిందా?" అంటాడు.

"టికెట్టు చేతిలో పెట్టినా కదప్పా!" అంటాడు కండక్టరు.

"టికెట్టు నాకు అందింది. నా మాట నీకు అందిందా?"

ఒకసారి జాతరలో టెంకాయ కొట్టి, "స్వామీ, మొక్కు అందిందా?" అని చెవి రిక్కించి నిలబడిపోయాడు. వెనకవాళ్ళు ఎండకు మాడి, "అందిందిరా నాయనా, జరుగు!" అని అరిచాకే కదిలాడు.

ఇలాంటివాడికి దొరికిన పని చూడండి! చేలల్లో తేమ చూసే సెన్సర్ డబ్బాలు బిగించడం. ఒక డబ్బా పక్కదానికి, అది ఆ పక్కదానికి చెప్పుకుంటూ పోతే, కబురు బోరు షెడ్డు మీది పెద్ద డబ్బాకు చేరుతుంది. ఏ చేనుకు ఎప్పుడు నీళ్ళు పెట్టాలో అది ఫోన్లో చెబుతుంది.

నా పత్తిచేనుకూ ఆ షెడ్డుకూ నడుమ గుట్ట అడ్డం వచ్చింది.

"అవ్వా, నీ డబ్బా మాట తిమ్మమ్మవ్వ డబ్బా మీదుగా పోవాల. అందిందా?"

తిమ్మమ్మ నా తోడబుట్టిన అక్క. చేను పంచుకున్ననాడు గట్టు దగ్గర తగవుపడి మాటలు మానుకున్నాం. ఒకే దుప్పటి కింద గుసగుసలాడుతూ పెరిగినవాళ్ళం. ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకునేది. అయితే ఆ మాట నా నోట వస్తుందా?

"అందలేదు. నా పత్తి ఎండిపోనీ!" అన్నాను.

"డబ్బాలకు మీ తగవు తెల్దవ్వా. రోజూ పొద్దున్నే నువ్వు గట్టుకాడ 'అందిందా' అనాల. ఆ యవ్వ 'అందింది' అనాల. లేకుంటే అవి పలకవు."

పత్తి కోసం ఒప్పుకున్నాను. మొదటిరోజు మొహం తిప్పుకుని, ఎనుమును అదిలించినట్టు అరిచాను. అటునుంచి ఉమ్మినట్టు జవాబొచ్చింది. నాలుగు రోజులకు అటునుంచి ఇంకో మాట కలిసింది.

"ఏమే, దగ్గుతాండావు?"

"నీకేల?"

"మిరియాల కషాయం తాగి సావు!"

ఆ తిట్టు విని ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

ఈరేష్‌కు పని చిప్పగిరి వైపు పడింది. వాడి బదులు వచ్చిన రూప, నా అరుపు విని నవ్వింది. "అవ్వా, డబ్బాలు ఒకదాన్నొకటి అవే అడుగుతాయి, అవే జవాబిచ్చుకుంటాయి. అందకుంటే మళ్ళా పంపుకుంటాయి. మనుషులు అరిసే పనే లేదు."

దొంగసచ్చినోడు! ఎదురుగా ఉంటే నాలుగు తిట్టి, నాలుగు నేతి ఓళిగలు పెట్టాలనిపించింది. ఎప్పుడొస్తాడో ఏమో.

"పాపా, ఈ మాట గట్టు అవతల మాత్రం సెప్పొద్దు" అన్నాను.

"ఇప్పుడు ఆడినుంచే వస్తాండా. ఆ యవ్వ కూడా నీకు సెప్పొద్దనే అనె."