ఏమీ జరగని చలికాలం

లారీ మమ్మల్ని దింపేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి నడక. లదాఖ్‌లో గట్టు మీద మా పోస్టు. నాలుగు బంకర్లు, ఇసుక బస్తాలు, ఒక కిరోసిన్ పొయ్యి. ఎదురుగా లోయ. లోయకి అటుపక్క అవతలి దేశం వాళ్ల పోస్టు. చెట్టన్నది లేదు. కోనసీమలో పుట్టినవాణ్ణి, అంత బోడి నేల ఎప్పుడూ చూడలేదు.

సుబేదార్ సాబ్ ఆర్డర్లు మూడు ముక్కల్లో చెప్పారు. "చూడండి. చూసింది రేడియోలో చెప్పండి. నేననందే కాల్చొద్దు."

రెండువైపులా బలగాలు పెరుగుతున్నాయి. ఏ పూటైనా మొదలవ్వచ్చు, అవ్వకపోవచ్చు. సెలవులు రద్దయ్యాయి. బూట్లతోనే పడుకునేవాళ్లం. గ్లవ్స్ మీద గ్లవ్స్, లోపల వేళ్లు ఆడిస్తూ ఉండాలి. మంచు కురిసినప్పుడల్లా బంకర్ ద్వారం తవ్వుకోవాలి. డిసెంబర్ పోయింది. ఒక్క తూటా పేలలేదు.

రేడియో ఆపరేటర్‌ది తణుకు. అక్కడ నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. పొద్దున్నే కింద బేస్‌లో ఉన్న కంట్రోల్‌కి మెసేజ్ పెట్టేవాడు. "అటువైపు కదలిక." నేను బైనాక్యులర్స్‌తో చూస్తే రాళ్లే.

"ఏం లేదయ్యా."

"ఉందండి. సరిగ్గా చూడండి."

రాత్రుళ్లు కూడా అతను పడుకునేవాడు కాదు, రేడియో ముందే కూర్చునేవాడు.

ఆదివారాలు ఇంటికి కొద్ది నిమిషాలు ఫోన్. నా భార్య పద్మ, మా పాపతో రావులపాలెంలో ఉండేది. నా గొంతు వినగానే ఏడ్చేది. టీవీలో చెప్పింది నిజమేనా అని అడిగేది. నేను చెప్పకూడదు. జనవరిలో ఒకసారి నిదానంగా మాట్లాడింది.

"ఏవండీ, వారం వారం రాజమండ్రి వెళ్తున్నాను. కౌన్సెలింగ్‌కి."

"నీకేమైంది?"

"నిద్ర పట్టట్లేదండి. గేటు చప్పుడైతే ఎవరో మీ కబురు తెచ్చారనిపిస్తోంది. పాప మీద ఊరికే అరిచేస్తున్నాను. అదంతా అక్కడ మేడమ్‌కి చెప్తున్నాను."

"ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారు?"

"అనుకోనివ్వండి. మొన్న పాపని పక్కన కూచోబెట్టుకుని అన్నం తినిపించాను. ఎన్నాళ్లైందో అలా."

ఫోన్ ఉండేది రేడియో బంకర్‌లోనే. ఆపరేటర్ అంతా విన్నాడు.

"వదినగారు వెళ్లేచోట ఏం అడుగుతారండి?"

"నాకేం తెలుసు?"

"కనుక్కోండి."

తర్వాతి ఆదివారం కనుక్కున్నాను. "మొదటిరోజు ఆవిడేం అడగలేదండి, నేనే మాట్లాడాను" అంది పద్మ. "కంగారు ఎప్పుడు మొదలవుతుందో, ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో చూసుకోమన్నారు. పూర్తిగా పోలేదు. కానీ వస్తోందని ముందే తెలుస్తోంది."

అదే అతనికి చెప్పాను. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు. "రైఫిల్ పట్టుకుంటే భయమేస్తోందండి. వాళ్లంటే కాదు. నేనేం చేసేస్తానో అని."

అప్పటికప్పుడు సుబేదార్ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాను. తిడతారనుకున్నాను. ఆయన అతని చేతిలోంచి రైఫిల్ మెల్లగా తీసుకున్నారు. "చలికి కాలి వేలు నల్లబడితే చెప్పాలని ఆర్డర్ ఉందిగా. ఇదీ అంతే" అన్నారు. మంచు తీసి దారి తెరవగానే బేస్‌లో డాక్టర్ దగ్గరికి పంపించారు.

కొన్ని వారాలకి కంట్రోల్ నుంచి అతని గొంతు వినిపించింది. "హవల్దార్ గారూ, నిద్రపోతున్నానండి."

ఎండాకాలంలో మా చోటికి వేరే బ్యాచ్ వచ్చింది. ఆ ఏడే సర్వీసు అయిపోయి ఇంటికొచ్చేశాను.

వచ్చానన్న మాటే గానీ కూర్చోలేకపోయాను. పొద్దున్నే అరటి మార్కెట్ దాకా నడిచేవాణ్ణి, అక్కణ్ణుంచి కాలవ గట్టు, మళ్లీ ఇల్లు, మళ్లీ గట్టు. బయట చప్పుడు వినపడదని ఫ్యాన్ ఆపేసేవాణ్ణి. పాప చెమటతోనే హోంవర్క్ చేసుకునేది. అన్నం సగంలో వదిలేసి మేడెక్కి రోడ్డు చూసొచ్చేవాణ్ణి. ఏం చూశావంటే చెప్పడానికేం లేదు.

"మీరూ రండి నాతో" అంది పద్మ.

"నాకేం జరిగిందని? ఒక్క తూటా కూడా పేలలేదు."

"నాకు మాత్రం ఏం జరిగిందండీ? ఏదో జరుగుతుందేమోనని కూచోవడమేగా. మీరూ అదేగా చేశారు."

గురువారం రాజమండ్రి బస్సెక్కాం. గోదావరి వంతెన మీద రెండుసార్లు సీట్లోంచి లేచాను. పద్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

పద్మ బయటే కూర్చుంది. గదిలో మేడమ్‌కి మొదట లోయ వెడల్పు చెప్పాను, బంకర్లు ఎటు తిరిగి ఉంటాయో చెప్పాను. ఆవిడ వింటూనే ఉన్నారు. "అక్కడ మీకేమనిపించేదండి?" అన్నారు చివరికి. అంతకుముందు ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఆపరేటర్‌ని కిందికి పంపించాక, ఆ కదలికలు నాకూ కనపడ్డాయని అప్పుడు చెప్పాను. ఎవరికీ చెప్పని మాట. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత చాలా గురువారాలు వెళ్లాను. ఇప్పటికీ ఒక్కోరోజు కాలవ గట్టు మీదికి పోతాను. కానీ అన్నం పూర్తిగా తిని లేస్తున్నాను. ఫ్యాన్ తిరుగుతోంది.

కళ్ల ముందునుంచి పోనిది ఆ మొదటి రోజు తలుపు తీసుకుని బయటికొచ్చినప్పటిది. ఆసుపత్రి వరండా నిండా జనం. ఎవరివో పేర్లు పిలుస్తున్నారు, ఒక పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ గోలలో పద్మ ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో సంచీతో, తల గోడకానించి, నోరు కాస్త తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది.

లేపలేదు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె లేచేదాకా కదలకుండా కూర్చున్నాను.